ఆర్-చాప్ తర్వాత కౌంట్ 22,000కి లేచింది, లింఫోసైట్లు తక్కువే ఉన్నాయి: జబ్బు తిరగబెట్టినట్టా?

మీ నాన్నగారికి మూడో ఆర్-చాప్ (లింఫోమా అనే కేన్సర్‌కి రిటుక్సిమాబ్ కలిపి ఇచ్చే కీమో) అయిన పదో రోజున తెల్లరక్తకణాలు 1,800కి పడిపోయాయి, కౌంట్ పెంచే ఇంజెక్షన్ పొడిచాక 22,000 అయ్యాయి, వాటిలో ఒక రకమైన లింఫోసైట్లు మాత్రం లేవలేదు అన్నారు. నేను డాక్టర్ని కాదు. మా అమ్మకి ఇక్కడే విశాఖలో ఇదే చికిత్స చేయించాం కాబట్టి తెలిసింది చెప్తాను. మీరు రాసిన అంకెలు మందులు చేసే పని వల్ల వచ్చేవే. జబ్బు సంగతి వీటితో తేల్చరు, పెట్ స్కాన్ చూసి చెప్తారు.

సైక్లోఫాస్ఫమైడ్, ఆ ఎర్రమందు డాక్సోరూబిసిన్ రెండూ మూలుగలో గబగబా పుట్టే కణాల్ని కొడతాయి. ఇన్‌ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాలైన న్యూట్రోఫిల్స్ ఆయుష్షు తక్కువ, కొత్తవి రాకపోతే ముందు అవే తరిగిపోతాయి. మామూలుగా 7 నుంచి 14 రోజుల మధ్య అట్టడుక్కి వెళ్తాయి, మూడో వారానికి కోలుకుంటాయి. ఆ ఇంజెక్షన్ మూలుగని తొందరపెట్టి న్యూట్రోఫిల్స్‌నే బయటికి తోస్తుంది. మీ 22,000 దాని చలవే. నడుము, తొడ ఎముకలు లాగేస్తున్నాయంటే అదీ దానివల్లే.

మొత్తం కౌంట్ చూసి ఊరట పడొద్దు, బెంగా పడొద్దు. దాన్ని న్యూట్రోఫిల్ శాతంతో లెక్కగట్టండి. ఉదాహరణకి మొత్తం కౌంట్ 2,100, అందులో న్యూట్రోఫిల్స్ 20 శాతం అంటే 420. ఈ న్యూట్రోఫిల్ అంకె 500 లోపు ఉంటే ఇన్‌ఫెక్షన్ భయం బాగా ఎక్కువ. అమ్మకి సరిగ్గా కౌంట్ తగ్గిన రోజుల్లోనే సింహాచలం చందనోత్సవం పడింది. నిజరూప దర్శనం అని ఒకటే పట్టు! ఆ క్యూలోకి వద్దే వద్దని, టీవీలో చూసుకోమని డాక్టరమ్మ గారు గట్టిగా చెప్పాక గానీ వినలేదు. ప్లేట్‌లెట్లకి బొప్పాయి ఆకు రసం తాగించమన్నవాళ్లకైతే లెక్కే లేదు. మేం ఇవ్వలేదు.

జ్వరం 100.4 దాటితే డోలో వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. అర్ధరాత్రయినా క్యాజువాలిటీకి తీసుకెళ్లి, కీమో నడుస్తోందని ముందే చెప్పండి.

ఇక లింఫోసైట్లు. ఆర్-చాప్‌లోని రిటుక్సిమాబ్ గురి బి-కణాల (ఒక రకం లింఫోసైట్లు) మీదుండే సీడీ20 అనే ప్రోటీన్. జబ్బు కణాల మీదా అదే ఉంటుంది, మంచి బి-కణాల మీదా అదే ఉంటుంది, అందుకే రెండూ పోతాయి. అవి మళ్లీ రావడం ఆఖరి డోసు తర్వాత ఆరు నెలలకి మొదలై, చాలామందిలో ఏడాది దాకా పడుతుంది. కీమో, స్టెరాయిడ్ ఇంకో రకం లింఫోసైట్లయిన టి-కణాల్నీ తగ్గిస్తాయి. యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాల మీద సీడీ20 ఉండదు గనక పాత రక్షణ కొంత మిగులుతుంది. టీకాలు మాత్రం ఈ సమయంలో సరిగా పట్టవు. సజీవ టీకాలు అసలు వేయకూడదు. అమ్మకి చికిత్స అయిపోయాక కూడా జలుబు, దగ్గు తరచూ వచ్చేవి, న్యూట్రోఫిల్స్ బాగానే ఉన్నా. అప్పుడు రక్తంలో యాంటీబాడీలు ఎంతున్నాయో చూసే ఐజీజీ పరీక్ష రాశారు.

తర్వాతి సైకిల్‌కి వెళ్లినప్పుడు ఒకటి తప్పకుండా అడగండి: హెపటైటిస్ బి కోసం హెచ్‌బీఎస్ఏజీ రక్తపరీక్షతో పాటు, పాత ఇన్‌ఫెక్షన్‌ని పట్టిచ్చే యాంటీ-హెచ్‌బీసీ పరీక్ష కూడా చేశారా అని. ఎప్పుడో వచ్చి అణిగిపోయిన వైరస్ రిటుక్సిమాబ్ వల్ల తిరిగి లేచి లివర్‌ని దెబ్బతీయొచ్చు. పాజిటివ్ అయితే దానికి ముందుజాగ్రత్త మాత్రలున్నాయి, కీమో ముగిశాక కూడా చాలా నెలలు వాడిస్తారు.