అరటిపండ్లు తింటే దిగులు తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 36. ఆరు నెలలుగా ఏ పని మీదా ధ్యాస నిలవడం లేదు, ఊరికే దిగులు. డాక్టర్ డిప్రెషన్‌కి మందు రాస్తే రెండు నెలలుగా వాడుతున్నాను. మనసు కుదురుగా ఉండటానికి తోడ్పడే సెరొటోనిన్ అనే రసాయనం పెరగాలంటే అరటిపండ్లు తినాలని, 5-హెచ్‌టీపీ మాత్రలు వేసుకోవాలని చదివాను. నేను మాంసం, గుడ్లు తినను. ఆ మాత్రలు కొనుక్కోవచ్చా?

జవాబు: వద్దు. కొనేసి ఉంటే పక్కన పెట్టేయండి. మందు పేరు మీరు రాయలేదు గానీ, డిప్రెషన్‌కి ఎక్కువగా ఇచ్చేవి సెరొటోనిన్ ప్రభావాన్ని పెంచేవే. దానికి, ఒంట్లో సెరొటోనిన్‌గా మారే 5-హెచ్‌టీపీ కూడా తోడైతే సెరొటోనిన్ మితిమీరి వణుకు, చెమటలు, గుండెదడ, జ్వరం, అయోమయం రావచ్చు. అరుదే, కానీ వస్తే ప్రాణం మీదికి రావచ్చు.

అరటిపండులో సెరొటోనిన్ ఉన్నమాట నిజమే, అయితే అది రక్తంలోంచి మెదడులోకి పోలేదు. ఒంట్లో ఉన్న సెరొటోనిన్‌లో దాదాపు 90 శాతం పేగుల్లోనే తయారవుతుంది, అదీ మెదడుకి అందదు. మెదడు తనకి కావలసింది ప్రొటీన్‌లో ఉండే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లంతో తానే చేసుకుంటుంది. మరి ప్రొటీన్ బాగా తింటే సరిపోతుంది కదా అంటారేమో, అక్కడే ఉంది తిరకాసు: ల్యూసిన్, టైరోసిన్ లాంటి వేరే అమైనో ఆమ్లాలు కూడా అదే దారిలో మెదడులోకి వెళ్లాలి, ప్రొటీన్‌లో వాటి పాళ్లే ఎక్కువ, ఆ తోపులాటలో ట్రిప్టోఫాన్ వెనకబడిపోతుంది. పిండిపదార్థాలు తిన్నప్పుడు ఇన్సులిన్ ఆ పోటీదారుల్లో చాలావాటిని కండరాల్లోకి పంపేస్తుంది కాబట్టి దారి కాస్త ఖాళీ అవుతుంది. అలాగని తీపి తినమని కాదు, దాంతోపాటు కొద్దిగా ప్రొటీన్ తిన్నా ఈ ప్రభావం ఇంచుమించు పోతుంది.

మీ ప్రశ్నలో నేను ఆగింది మాంసం, గుడ్లు తిననన్న చోట. బి12 విటమిన్ సహజంగా దొరికేది మాంసం, గుడ్లు, పాలలాంటి వాటిలోనే. అది తక్కువైతే దిగులు, మతిమరుపు, అరికాళ్లలో తిమ్మిర్లు వస్తాయి, రక్తహీనత లేకుండానే రావచ్చు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, లేదా ఏళ్ల తరబడి ఎసిడిటీ మాత్రలు వాడేవాళ్లలో ఇది మరీ ఎక్కువ. ఇక సెరొటోనిన్, ఉత్సాహానికి తోడ్పడే డోపమిన్ అనే మరో మెదడు రసాయనం, ఈ రెండింటి తయారీలోనూ మొదటి మెట్టుకి ఐరన్ కావాలి, తర్వాతి మెట్టుకి బి6. బి6 లోపం అంత మామూలుగా ఉండదు, పైగా ఎక్కువ మోతాదు మాత్రలు నెలల తరబడి మింగితే నరాలే దెబ్బతింటాయి, అందుకే ఊహించి వేసుకోకండి.

బి12, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది), హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకుని రిపోర్టులు మీ డాక్టర్‌కే చూపించండి. లోపం బయటపడినా ఇప్పుడు వాడుతున్న మందు మీ అంతట మీరు ఆపొద్దు. ఐరన్ మాత్రలు రాస్తే మాత్రం వాటికీ టీ, కాఫీలకీ కనీసం గంట ఎడం ఉండాలి.