60 గోల్స్ మీద వ్యాసం రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

డిక్సీ డీన్ మీద నువ్వు రాసింది తీరిగ్గా చదివాను. ఆటల మీద రాయమంటే అందరూ క్రికెట్ వైపు పరిగెడతారు. నువ్వు మాత్రం రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఆడిన ఓ ఇంగ్లిష్ ఫుట్‌బాల్ సెంటర్ ఫార్వర్డ్‌ని, అంటే ముందు నిలబడి గోల్స్ కొట్టేవాణ్ణి, పట్టుకొచ్చావు. ముచ్చటేసింది. ఇక మొహమాటం పక్కనపెట్టి చెబుతాను.

మొదటి వాక్యంలో '39 మ్యాచ్‌ల్లో 60 గోల్స్' అనేసి, ఆ వెంటే 'అద్భుతం, అపూర్వం, నభూతో నభవిష్యతి' అన్నావు. ఆ మూడూ కొట్టెయ్. 1927-28 లీగ్‌లో ఎవర్టన్ జట్టు మొత్తం కలిపి చేసినవి 102 గోల్స్, అందులో 60 ఇతనివి. అంతకుముందు సీజన్లో మిడిల్స్‌బరో ఆటగాడు జార్జ్ క్యామ్‌సెల్ 59 చేశాడు, కానీ ఓ మెట్టు కింద ఉండే రెండో డివిజన్లో. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టు. పొగడాలా వద్దా అన్నది చదివేవాళ్లే తేల్చుకుంటారు.

నువ్వు పూర్తిగా వదిలేసింది 1925 సంవత్సరం. ఆఫ్‌సైడ్ నిబంధన మారింది అప్పుడే. దీన్ని ఒక్క ముక్కలో దాటెయ్యకు. మన పాఠకులు నిద్రలో లేపి అడిగినా ఎల్బీడబ్ల్యూ చెప్పేస్తారు, ఆఫ్‌సైడ్ దగ్గర మాత్రం నీళ్లు నములుతారు. అంతవరకూ, సహచరుడు బంతి ముందుకు తన్నే క్షణానికి, ఫార్వర్డ్‌కీ అవతలి గోల్ లైన్‌కీ మధ్య గోల్‌కీపర్‌తో కలిపి కనీసం ముగ్గురు ప్రత్యర్థులు ఉండాల్సి వచ్చేది, లేకపోతే ఆఫ్‌సైడ్ తప్పు కింద లెక్క. వెనక కాపలా ఉండే ఇద్దరు బ్యాకుల్లో ఒకడు నాలుగడుగులు ముందుకొస్తే చాలు, ఫార్వర్డ్ ఆఫ్‌సైడ్‌లో ఇరుక్కునేవాడు. ఆ ఎత్తు పారకపోయినా రెండో బ్యాక్ వెనకే ఉండేవాడు. 1925లో ముగ్గురిని ఇద్దరు చేశారు. ఇక ఆ ఎత్తు పారక తప్పిపోతే మిగిలేది గోల్‌కీపర్ ఒక్కడే. మొదటి డివిజన్లో 1924-25లో పడిన గోల్స్ 1,192. మరుసటి సీజన్లో 1,703!

బిర్కెన్‌హెడ్‌లో పుట్టిన 18 ఏళ్ల డీన్‌ని ట్రాన్మియర్ రోవర్స్ జట్టు నుంచి 3,000 పౌండ్లకు ఎవర్టన్ కొనుక్కున్నది సరిగ్గా ఆ ఏడాది మార్చిలో. ఇదంతా రాస్తే డీన్ చిన్నబోతాడని జంకకు. నిబంధన అందరు ఫార్వర్డ్‌లకూ ఒకటే కదా, ఇంగ్లిష్ లీగ్‌లో 60 దాకా వెళ్లింది ఇతనొక్కడే.

1926లో ఉత్తర వేల్స్‌లో జరిగిన మోటార్‌సైకిల్ ప్రమాదం గురించి బాగా రాశావు. పుర్రె, దవడ పగిలాయి, మళ్లీ ఆడటం కష్టమని డాక్టర్లు అనుకున్నారు, అయినా ఆ సీజన్లోనే తిరిగొచ్చాడు. అంతవరకూ సరే. 'తలలో లోహపు రేకు ఉండిపోవడం వల్లే అతని హెడర్లకు (తలతో కొట్టే బంతులకు) అంత బలం' అన్న ముక్కని మాత్రం నిజంలా రాయకు. 'అని జనం చెప్పుకునేవాళ్లు' అని రాయి, కథ పోదు, నీ పరువూ పోదు.

ఇక 1928 మే 5. నీ వ్యాసానికి గుండెకాయ ఇదే, నువ్వేమో రెండు వాక్యాల్లో ముగించావు! అంతకు వారం ముందు బర్న్‌లీ మీద నాలుగు చేసి 57 దగ్గర ఆగాడు. ఎవర్టన్ టైటిల్ ఖాయమైపోయింది కాబట్టి ఎవర్టన్ సొంత మైదానం గుడిసన్ పార్క్‌కు వచ్చిన జనం లెక్క ఒక్కటే, ఇంకో మూడు. తలతో ఒకటి, పెనాల్టీతో ఇంకొకటి త్వరగానే పడ్డాయి. మూడోది ఎంతకీ రాదు. ఆట చివరికొచ్చాక అలెక్ ట్రూప్ అనే పొట్టి స్కాట్లండ్ వింగర్ (మైదానం అంచున ఆడేవాడు) కార్నర్ తీశాడు, అంటే మైదానం మూల నుంచి బంతి తన్నాడు, డీన్ తలతో కొట్టాడు. ట్రూప్ పేరు నీ వ్యాసంలో ఎక్కడా లేదు. హెడర్ గురించి రాస్తూ బంతి పంపినవాణ్ణి మరిచిపోతే ఎలా?

అవతలి జట్టు ఎవరో కూడా చూడు. ఆర్సెనల్. కొత్త ఆఫ్‌సైడ్‌కు విరుగుడుగా మధ్యలో ఆడే సెంటర్ హాఫ్‌ని ఇద్దరు బ్యాకుల మధ్యకు దించిన మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ జట్టు. ఆ ఆలోచన చాప్‌మన్ చెవిన వేశాడని పేరున్న ఆర్సెనల్ ఆటగాడు చార్లీ బకన్‌కు ఆ రోజే చివరి మ్యాచ్. మొత్తం కథ ఒకే మైదానంలోకి వచ్చి నిలబడింది, ఇంతకన్నా ఏం కావాలి నీకు? ఇంకో మాట. అరవయ్యో గోల్ తర్వాత ఆర్సెనల్ స్కోరు సమం చేసింది. మ్యాచ్ 3-3. నువ్వు రాసింది చదివితే ఎవర్టన్ గెలిచిందేమో అనిపిస్తోంది.

తర్వాతి సంగతులు వేగంగా చెప్పెయ్: 1930లో ఎవర్టన్ రెండో డివిజన్‌కు పడిపోవడం, 1931లో అది గెలిచి తిరిగి రావడం, 1932లో మళ్లీ లీగ్ టైటిల్, 1933లో వెంబ్లీలో మాంచెస్టర్ సిటీపై 3-0తో ఎఫ్‌ఏ కప్పు. ఆ ఫైనల్లో చొక్కాల మీద నంబర్లు వేశారు, డీన్‌ది 9. ఇదంతా ఆడింది వారానికి 8 పౌండ్లకు మించి జీతం ఇవ్వకూడదన్న రోజుల్లో. ఇంగ్లండ్ తరఫున 16 మ్యాచ్‌ల్లో 18 గోల్స్ అన్నది కూడా చేర్చు, అదీ తక్కువేం కాదు.

ముగింపు మార్చు. 1980 మార్చి 1న ఎవర్టన్, లివర్‌పూల్ మ్యాచ్ చూస్తూ అదే గుడిసన్ పార్క్‌లో గుండెపోటుతో పోయాడు, నిజమే. కానీ డీన్ మీద రాసే ప్రతివాడూ అక్కడే ఆపుతాడు. దాన్ని మధ్యలో ఎక్కడో ఒక వాక్యంగా పెట్టు. 1938లో నాట్స్ కౌంటీకి, ఆ మరుసటి ఏడాది ఐర్లండ్‌లోని స్లైగో రోవర్స్‌కు వెళ్లిన డీన్‌ని, ఆ తర్వాత చెస్టర్‌లో పబ్ నడిపిన డీన్‌ని చివరకు ఉంచు. నీ వ్యాసంలో ఆ మనిషి కనబడనే లేదు.

ముందు 1925 పేరా ఒక్కటీ రాసి పంపు. ఆఫ్‌సైడ్ నాకు అర్థమైతే మిగతాది మొదలుపెడుదువుగాని.

ఆశీస్సులతో.