పాఠకుడు ఎక్కడ ఆగాడో చూడు

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. నీ ఉత్తరమూ, దాంతోపాటు పంపిన రెండు అధ్యాయాలూ అందాయి.

ఎలిజబెత్ గాస్కెల్ ఇంగ్లీషు నవల 'నార్త్ అండ్ సౌత్' చదివావు. అంతటితో ఊరుకోకుండా, దాన్ని చదివినవాళ్లు ఏమన్నారో కూడా వెతికి వెతికి చదివి, చివరికి ఏదీ తేల్చుకోలేక నాకు రాశావు. ప్రేమకథ చాల్లేదని ఒకరన్నారట. సమ్మె గొడవ దగ్గర విసుగొచ్చి పేజీలు తిప్పేశామని ఇంకొకరు. చావులు మరీ ఎక్కువని కొందరు, ముగింపు పరుగులు పెట్టించిందని మరికొందరు. నాయిక మార్గరెట్‌కి పొగరని ఒకరంటే, ఆ కాలపు నవలల్లో ఇంత ఆత్మగౌరవమున్న ఆడపిల్లను చూడలేదని వేరొకరు. "అక్కా, పేదరికం ఎక్కువ రాస్తే ప్రేమకథ కోసం వచ్చినవాళ్లు పారిపోతారు. ప్రేమ ఎక్కువ రాస్తే పేదరికం ఉత్త అలంకారమైపోతుంది. నేనెవరి మాట వినాలి?" అని అడిగావు.

నాకు తెలిసింది చెబుతాను. చదువుతూ చదువుతూ పాఠకుడు ఒకచోట ఆగిపోయాడంటే, అతను ఆగిన మాట నిజం. దానితో వాదించకు. ఎందుకు ఆగాడో అతను చెప్పే కారణాన్ని మాత్రం నువ్వు పరీక్షించుకోవాలి. ఇక ఏం మార్చి రాయాలో అతనిచ్చే సలహా ఉందే, అది అతను రాయాలనుకునే నవలకు సంబంధించింది. అక్కడ నీ దారి నీదే. నువ్వు పోగేసిన అభిప్రాయాలనే ఒక్కొక్కటిగా ఇలా పట్టుకుని చూద్దాం.

ముందు చావులు, ముగింపు. ఈ రెండు ఫిర్యాదులూ చేసినవాళ్లు, ఆ మాట అందరికంటే ముందు రచయిత్రే అందని తెలిస్తే ఆశ్చర్యపోతారు. ఈ నవల 1854 సెప్టెంబరు నుంచి 1855 జనవరి దాకా 'హౌస్‌హోల్డ్ వర్డ్స్' అనే రెండు పెన్నీల వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. సంపాదకుడు చార్లెస్ డికెన్స్. మిల్లు ఊరి కథతోనే ఆయన సొంత నవల 'హార్డ్ టైమ్స్' అంతకు కొద్దివారాల ముందే అదే పత్రికలో ముగిసింది. గాస్కెల్‌కి వారం వారం పాఠకుణ్ణి పట్టి ఉంచే కొక్కెం లాంటి ఉత్కంఠ దగ్గర కథ ఆపడం చేతకాదు, ఇష్టమూ లేదు. ఆమె అధ్యాయాలు పొడుగ్గా, నిదానంగా సాగుతాయి. పత్రిక అమ్మకాలు తగ్గాయి, డికెన్స్ విసుక్కున్నాడు, కుదించమన్నాడు. సీరియల్ చివరికొస్తుండగా ఆమె ఆయనకే రాసింది: ఇందులో ఐదు చావులున్నాయి కాబట్టి దీనికి చావు పేరు పెట్టి ఉంటే బాగుండేదని. 1855లో పుస్తకంగా తెచ్చినప్పుడు ముందుమాటలో దాపరికం లేకుండా ఒప్పుకుంది: పత్రిక కొలతలకు లోబడి చివర్లో సంఘటనలను నమ్మశక్యం కానంత వేగంగా తరమాల్సి వచ్చిందని, అందుకే కొత్త అధ్యాయాలు చేర్చానని. చేర్చినా ఆ తొందర పూర్తిగా పోలేదు. నూటడెబ్బై ఏళ్ల తర్వాత ఈ సంగతులేవీ తెలియని పాఠకుడు సరిగ్గా అక్కడే వేలు పెట్టాడు చూడు! అందుకే నాకు మామూలు పాఠకుడి మీద అంత గౌరవం.

అయితే "చావులు ఎక్కువ" అన్నవాళ్ల మాట విని నువ్వు చావుల లెక్క తగ్గించుకుంటే పొరపాటు. లెక్కతో పనిలేదు. మిల్లు కార్మికుడు బౌచర్ సంగతి తీసుకో. చాలామంది పిల్లల తండ్రి, సమ్మెలో ఆకలికి తాళలేక యూనియన్ మాట దాటాడు, తర్వాత ఎటూ కాకుండా పోయి లోతులేని వాగులో ముఖం ముంచి చచ్చిపోయాడు. అది మిల్లుల అద్దకపు నీళ్లు పారే వాగు. శవాన్ని మోసుకొచ్చేసరికి చర్మానికి ఆ రంగు పట్టుకుని ఉంది. ఈ చావు అక్కడితో ఆగదు. సమ్మె నడిపిన నికొలస్ హిగ్గిన్స్ ఆ పిల్లల్ని సాకాలనుకుంటాడు. వాళ్లకు తిండి పెట్టాలంటే పని కావాలి. తన అభిమానం చంపుకుని మిల్లు యజమాని థార్న్‌టన్ దగ్గరికి పని అడగడానికి వెళ్తాడు. థార్న్‌టన్ గద్దించి పంపేస్తాడు. ఆ తర్వాత వాకబు చేస్తే, తనతో మాట్లాడటం కోసం ఆ మనిషి ఐదు గంటలు నిలబడి ఉన్నాడని తెలుస్తుంది. అప్పుడు యజమానే కార్మికుడి గుమ్మంలోకి నడిచి వెళ్తాడు. నవల మొత్తానికి అంత ముఖ్యమైన నడక ఇంకొకటి లేదని నా అభిప్రాయం. ఇప్పుడు చివర్లో మార్గరెట్ తండ్రి స్నేహితుడు బెల్ గారి చావు చూడు. ఆయన పోతే మార్గరెట్‌కి ఆస్తి వస్తుంది. ఆ చావుకి అంతకుమించి పని లేదు. పాఠకుడు రెండింటినీ కలిపి "ఎక్కువ" అన్నాడు. విడదీసి చూడాల్సింది నువ్వు.

ఇక సమ్మె విసుగొచ్చింది, ప్రేమ చాల్లేదు అన్నవాళ్ల మాట. వీళ్లలో చాలామంది 2004లో వచ్చిన బీబీసీ ధారావాహిక చూసి, దాని మీద ప్రేమతో పుస్తకం పట్టుకున్నవాళ్లు. అందులో నాయకుడు థార్న్‌టన్, నాయిక మార్గరెట్ రైల్వే స్టేషన్‌లో కలుస్తారు, ముద్దు పెట్టుకుంటారు. పుస్తకంలో ఆ దృశ్యం లండన్‌లో ఒక ఇంటి గదిలో, వడ్డీ లెక్కల మధ్య జరుగుతుంది. పాఠకుడు ఎక్కడి నుంచి వచ్చి కూర్చున్నాడో తెలుసుకుంటే అతని మాట బరువు తెలుస్తుంది.

కానీ నేనడిగేది వేరు. ఈ నవలలో సమ్మెను తీసేస్తే ప్రేమ మిగులుతుందా? మార్గరెట్ మీద రాయి పడేది మిల్లు ముందు అల్లరిమూకకూ థార్న్‌టన్‌కూ మధ్య ఆమె అడ్డం నిలబడ్డప్పుడు. మర్నాడే అతను పెళ్లి మాటెత్తుతాడు, ఆమె కాదంటుంది. అంతకుముందు, వాళ్లింటికి టీకి వచ్చి వెళ్తూ అతను చెయ్యి చాస్తాడు. ఆ మిల్లుల ఊరు మిల్టన్‌లో అది అందరికీ మామూలు. దక్షిణాది పల్లెలో పాదిరీ కూతురుగా పెరిగిన ఆమెకు అలవాటు లేదు, తల వంచి ఊరుకుంటుంది. అతను దాన్ని గర్వమనుకుని వెళ్లిపోతాడు. వర్గాల తేడా గురించి ఒక్క ఉపన్యాసం లేకుండా చాచిన చేతితో సరిపెట్టింది గాస్కెల్.

అదే సాయంత్రం అతను తన గతం చెబుతాడు. తండ్రి పోయాక బట్టల కొట్లో పనికి కుదిరాడు. వారానికి 15 షిల్లింగులతో ఇల్లు గడవాలి. అందులోంచి 3 షిల్లింగులు వాళ్లమ్మ క్రమం తప్పకుండా దాయించింది. ఇది చదివాక ఆ తల్లి కాబోయే కోడలి విషయంలో ఎందుకంత కటువుగా ఉంటుందో ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. చివరికొచ్చేసరికి థార్న్‌టన్ వ్యాపారం దెబ్బతిని మిల్లు వదులుకోవాల్సి వచ్చింది. అతని మిల్లు నిలబడ్డ స్థలానికి ఇప్పుడు మార్గరెట్ యజమానురాలు. బ్యాంకులో రెండున్నర శాతానికి ఊరికే పడున్న 18,057 పౌండ్లు అప్పుగా తీసుకుంటే తనకూ ఎక్కువ వడ్డీ వస్తుందని అతనికి చెబుతుంది. ఆ మాట చెప్పడానికి ఆమె పడే తడబాటే ప్రేమ ప్రకటన. ఆస్తి కలిసి రావడం నాకూ నచ్చలేదు, అది సులువు దారి. కానీ వచ్చిన డబ్బును ఆమె ప్రేమకు నోరుగా వాడిన తీరు చూశాక గాస్కెల్‌కి నమస్కారం పెట్టాను.

నీకు నేను మళ్లీ చదవమనేది బెస్సీ మాటలు. హిగ్గిన్స్ కూతురు, నీ నాయిక వయసుదే. దూది ఏకే గదిలో పనిచేసి ఊపిరితిత్తులు పాడై మంచాన పడింది. గాల్లో నూగు తెల్లటి దుమ్ములా నిండిపోతుందని, అది గుండెల్లోకి చేరుతుందని చెబుతుంది. కొన్ని మిల్లుల్లో ఆ నూగును లాగేయడానికి గదికి ఒక కొసన పెద్ద చక్రం పెడతారట. దానికి ఐదారు వందల పౌండ్లవుతుంది, లాభం పైసా రాదు కాబట్టి పెట్టే యజమానులు తక్కువ. ఇంతవరకు ఎవరైనా రాస్తారు. ఆ తర్వాత ఆమె ఇంకో మాటంటుంది: చక్రమున్న చోట పనిచేయడానికి కొందరు కార్మికులే ఒప్పుకోరట. నూగు మింగి మింగి అలవాటైన కడుపులు, అది లేకపోయేసరికి ఆకలి ఎక్కువేస్తోందని, అలాంటి చోట పనిచేయాలంటే కూలి పెంచాలని. జాలి పుట్టించడానికి కూర్చుని రాసే రచయితకు ఈ వాక్యం తట్టదు. మాంచెస్టర్‌లో ఆ ఇళ్లలోకి వెళ్లి, కూర్చుని, విన్న మనిషికే దొరుకుతుంది.

ఇప్పుడు నీ నవల. సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) మధ్య కథ పెట్టుకున్నావు, మంచి పని చేశావు. కానీ నీ మొదటి అధ్యాయంలో ఆ ఇల్లు కురుస్తుంది, దీపం రెపరెపలాడుతుంది, తల్లి దగ్గుతుంది. మూడు పేజీల పాటు ఏ నిర్ణయమూ జరగదు. అక్కడ పాఠకుడు పేజీ తిప్పేస్తే "మనవాళ్లకు పేదల కథలు పట్టవు" అని నొచ్చుకోకు. ఆ పిల్ల తండ్రికి కూలి ఏ రోజున చేతికొస్తుంది? అందులో ఇంటద్దె ఎంత? ఏ బాకీ ఆపి ఏ బాకీ కట్టాలో ఎవరు తేలుస్తారు? వాళ్లు రాత్రి కూర్చుని ఆ లెక్క తేల్చుకుంటుంటే నేను కదలకుండా చదువుతాను, ఎందుకంటే ఆ లెక్కలో ఆ పిల్ల కాలేజీ ఫీజు ఉంటుంది. అలాగే సాంచాల యజమాని అయిన ఆసామి కొడుకు వాళ్లింటికొచ్చినప్పుడు ఎక్కడ కూర్చున్నాడో నువ్వు రాయలేదు. ఆ ఇంట్లో ఒక్కటే కుర్చీ ఉందనుకో, తండ్రి దాంట్లోంచి లేచాడా లేదా అన్నది నాకు కావాలి.

ఇంకో రకం అభిప్రాయాలకు కూడా సిద్ధపడు. ఎవరి గురించి రాశావో వాళ్లూ చదువుతారు. గాస్కెల్ మొదటి నవల 'మేరీ బార్టన్' 1848లో పేరు లేకుండా వచ్చింది. మాంచెస్టర్ కార్మికుల ఆకలి అందులో కథ. ఆమె భర్త ఆ ఊళ్లోనే యూనిటేరియన్ అనే క్రైస్తవ శాఖ చర్చిలో బోధకుడు, ఆ చర్చికి వచ్చేవాళ్లలో మిల్లు యజమానులున్నారు. మిల్లు కుటుంబానికే చెందిన డబ్ల్యు.ఆర్. గ్రెగ్ మరుసటేడు 'ఎడిన్‌బరా రివ్యూ' పత్రికలో ఆ నవలను దులిపేశాడు, యజమానులకు అన్యాయం జరిగిందన్నాడు. ఆ మాటకు ఆమె పాత నవల దిద్దలేదు. ఐదేళ్ల తర్వాత 'నార్త్ అండ్ సౌత్'లో ఒక యజమానిని కథ నడిమధ్యకు తెచ్చి, అతని కష్టమూ మొండితనమూ రెండూ చూపించి, హిగ్గిన్స్‌ని ఎదురుగా అంతే ఎత్తున నిలబెట్టింది. విమర్శకు జవాబిచ్చే పద్ధతుల్లో నాకు ఇదే నచ్చుతుంది.

1853లో వచ్చిన 'రూత్' మీద ఇంకా పెద్ద గొడవ. మోసపోయి తల్లయిన పెళ్లికాని పిల్ల అందులో నాయిక. వాళ్ల చర్చికి వచ్చే ఇద్దరు మగవాళ్లు మొదటి సంపుటాన్ని తగలబెట్టారు. ఆమెకు చాలా బాధ కలిగింది. అదే నవల కథ ముందే విన్న 'జేన్ ఐర్' రచయిత్రి షార్లెట్ బ్రాంటీ అడిగిన ప్రశ్న వేరు: ఆ పిల్ల చివరికి ఎందుకు చావాలి? తగలబెట్టినవాళ్ల దగ్గర రచయిత నేర్చుకునేది ఏమీ లేదు. బ్రాంటీ ప్రశ్న మాత్రం ఈ రోజుకీ ఆ పుస్తకం మీద నిలబడే ఉంది.

నమ్మకమైన స్నేహితుడు చెప్పినా సరే, సలహా సలహాయే. 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్'కి డికెన్స్ మొదట రాసిన ముగింపులో నాయకుడు పిప్, అతను ప్రేమించిన ఎస్టెల్లా లండన్ వీధిలో ఒక్క నిమిషం కలిసి విడిపోతారు. స్నేహితుడైన నవలాకారుడు బుల్వర్ లిటన్ ప్రూఫులు చదివి మార్చమన్నాడు. డికెన్స్ మార్చి, వాళ్లను చెయ్యి చెయ్యి పట్టించి నడిపించాడు. పాత ముగింపు ఆయన పోయాక స్నేహితుడు ఫోర్‌స్టర్ రాసిన ఆయన జీవితచరిత్రలో బయటపడింది. ఏది మేలన్న వాదన ఇంకా తెగలేదు. నా ఓటు మొదటిదానికి. ఆ డబ్బు, ఆ ఆశ పిప్‌కి చేసిన నష్టమంతా ఆ ఒక్క నిమిషంలో కనిపిస్తుంది.

వారపత్రికల్లో నా సీరియళ్లు నడిచే రోజుల్లో పోస్టుకార్డులొచ్చేవి. "ఆ పిల్లను వాడికే ఇచ్చి పెళ్లి చేయండి" అని బతిమాలేవారు, బెదిరించేవారు కూడా. వాళ్లంతా ఆ పిల్లను సొంతమనిషి అనుకున్నందుకే అంత రాశారు. అందులో "పదో వారం అర్థం కాలేదు" అన్న కార్డులు మాత్రం విడిగా దాచుకునేదాన్ని. నువ్వూ ఎవరైనా చదివి మాట చెబితే, ఏ పేజీ దగ్గర ఆగారో ముందు అడుగు. మిగతాది తర్వాత వినొచ్చు.

ప్రస్తుతానికి ఎవరికీ చూపించకు. మొదటి అధ్యాయం తిరగరాయి. ఆ రాత్రి లెక్క అంకెలతో సహా ఉండాలి, అంకెలు నీ ఊహలోవి కాకూడదు. సిరిసిల్ల వెళ్లి, సాంచా మీద పనిచేసే వాళ్లింట్లో అడిగి రాసుకో. ఆ పిల్లాడు ఇంట్లోకొచ్చే దృశ్యం ఆ లెక్క మధ్యలో పెట్టి చూడు, రెండూ వేరు వేరు అధ్యాయాలుగా వద్దు. దసరాలోపు పంపితే సెలవుల్లో చదువుతాను.

అమ్మకు నా నమస్కారాలు చెప్పు.

నీ అక్కయ్య