స్నేహితులతో కలిసినప్పుడు రోజువారీ విషయాల్లోనే సైన్సు, కళ, నవ్వు దొరుకుతాయా? మాది తిరుపతి.

తప్పకుండా దొరుకుతాయి. మీ ఊళ్లో అయితే వెతుక్కోవాల్సిన పనే లేదు.

మీ దగ్గరి శ్రీకాళహస్తిలో బట్ట మీద కలంతో బొమ్మలు గీసే కలంకారీనే చూడండి. బట్టను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెడతారు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్లతో వెదురు కలం పట్టి గీస్తారు. అందులోని ఇనుము కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థంతో కలిసి నల్లబడుతుంది. పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు.

ఇదే ఆట ఇంట్లోనూ ఆడొచ్చు. తుప్పు మేకులు నాలుగైదు రోజులు వెనిగర్‌లో వేసి ఉంచండి. పాత తెల్లబట్టను పాలు కలపని చిక్కటి టీ డికాషన్‌లో ముంచి ఆరబెట్టండి. టీలోనూ టానిన్ ఉంటుంది కదా! ఆ మేకుల నీళ్లలో పుల్ల ముంచి, బట్ట మీద ఒకరి ముఖం ఇంకొకరు గీయండి. గీత కళ్ల ముందే నల్లబడుతూ, ముక్కు ఎక్కడో, మీసం ఎక్కడో తేలుతుంటే నవ్వు ఆపుకోవడం ఎవరి తరమూ కాదు. (ఆ నీళ్లు తాగేవి కావు, పిల్లలకు దూరంగా పెట్టండి.)

పసుపు నీళ్లలో సున్నం వేస్తే ఎర్రబడటం ఎలాగూ హారతి పళ్లెంలో చూసిందే.

తిరుమల ఘాట్ రోడ్డులో వెళ్లేటప్పుడు మాత్రం కిటికీ పక్క సీటు వదలకండి. అక్కడ పైరాతికి, కింది రాతికి వయసులో దాదాపు 80 కోట్ల ఏళ్ల తేడా, ఆ మధ్య కాలపు రాయి అక్కడ కనిపించదు. మా స్నేహితుడొకడు అది విని, "భూమి కూడా లాంగ్ లీవ్ పెట్టిందన్నమాట!" అన్నాడు.