ఓడలో గడిపిన రాత్రుల లెక్క

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. మేము అమెరికా వెళ్లినప్పుడల్లా గాల్వెస్టన్ రేవు నుంచి రాయల్ కరీబియన్ ఓడలో విహారానికి తీసుకెళ్తాడు. ఇప్పటికి మూడుసార్లు వెళ్లాం. మొదటిసారి ఏడు రాత్రులు, తర్వాత ఐదు, ఈమధ్య మళ్లీ ఏడు. అబ్బాయికీ కోడలికీ డైమండ్ హోదా ఉంది, రోజుకు నాలుగు పానీయాలు ఉచితం. మనవడు పదేళ్లవాడు, వాడికీ డైమండే. మాకు మాత్రం గోల్డ్. పైగా మా వారి ఖాతాలో ఏడు పాయింట్లే కనిపిస్తున్నాయి. ఒకే కుటుంబం, ఒకే ఓడ కదా, ఈ తేడా ఎందుకు?
(విశ్రాంత ఉపాధ్యాయిని, కూకట్‌పల్లి)

జవాబు: మీ ఉత్తరంలో రెండు విషయాలున్నాయి. ఒకటి కంపెనీ నియమం, రెండోది దాదాపు ఖచ్చితంగా పేరు దగ్గర జరిగిన పొరపాటు. నియమాన్ని మనం మార్చలేం కానీ, పొరపాటును మాత్రం తప్పక దిద్దించుకోవాలి.

ముందు నియమం సంగతి. రాయల్ కరీబియన్ వారి సభ్యత్వ పథకం పేరు క్రౌన్ అండ్ యాంకర్ సొసైటీ. ఇందులో లెక్కించేది మీరు పెట్టిన ఖర్చును కాదు, ఓడలో గడిపిన రాత్రులను. మామూలు గదిలో ఒక రాత్రికి ఒక పాయింటు, సూట్ అనే విశాలమైన, ఖరీదైన గదిలో ఉంటే రెండు. మూడు పాయింట్లకు గోల్డ్, 30కి ప్లాటినం, 55కి ఎమరాల్డ్, 80కి డైమండ్, 175కి డైమండ్ ప్లస్, 700కి పినకిల్ హోదా వస్తాయి. ఒకసారి వచ్చిన హోదా అక్కడ కాలం చెల్లిపోదు. ఏడు రాత్రుల ప్రయాణాలు మామూలు గదిలో చేస్తూ పోతే పన్నెండోదానితో డైమండ్ అంచె దాటుతారు. అంటే మీ అబ్బాయి, కోడలు ఎన్ని సెలవులు సముద్రం మీదే గడిపి ఆ హోదా సంపాదించారో ఊహించుకోవచ్చు.

ఈ హోదాను రెండు రకాల బంధువులకే పంచుతారు. ఒకే చిరునామాలో ఉండే భార్యాభర్తల్లో ఎవరి హోదా ఎక్కువైతే అది రెండోవారికీ వర్తిస్తుంది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు తల్లిదండ్రుల హోదా వస్తుంది. మీ మనవడికి డైమండ్ వచ్చింది అందుకే. కన్నవారికి, అత్తమామలకు ఆ వెసులుబాటు లేదు. తల్లిదండ్రులతో కలిసి ప్రయాణం చేయడం మన ఇళ్లలో మామూలు విషయం కాబట్టి ఈ నియమం మనకు వింతగానే అనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ అక్కడ కుటుంబమంటే భార్యాభర్తలు, మైనరు పిల్లలు మాత్రమే. రోజుకు ఇచ్చే ఆ నాలుగు పానీయాల వోచర్లు కూడా ఎవరి కార్డులో వారివే, పక్కవారికి మార్చి ఇవ్వడానికి వీలుండదు. ఏ రోజువి ఆ రోజు వాడుకోవాలి, మిగిలినవి మర్నాటికి కలవవు. అవి మద్యానికి మాత్రమే కాదు, స్పెషాలిటీ కాఫీకి, సోడాకు, మద్యం లేని మాక్‌టెయిళ్లకు కూడా చెల్లుతాయి. మద్యం ముట్టని మన పెద్దలు చాలామంది ఈ సంగతి తెలియక వాటిని వృథా చేస్తుంటారు.

ఇక పొరపాటు. మీ లెక్క ప్రకారం 7, 5, 7 కలిపి 19 పాయింట్లు ఉండాలి. ఏడే ఉన్నాయంటే, మీ వారి పేరు మీద రెండు సభ్యత్వ సంఖ్యలు ఏర్పడి ఉంటాయని నా గట్టి అనుమానం. తెలుగువాళ్లకు ఇది తరచూ జరిగే పనే. ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటు మనది. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా రెండో గడిలో ఉంటుంది. కొందరికి ఇంటిపేరు ఒక్క అక్షరంగానే ఉంటుంది. బుకింగ్ చేసేవారు ఒకసారి ఒక తీరులో, ఇంకోసారి మరో తీరులో రాస్తే, కంప్యూటరు వారిని ఇద్దరు మనుషులుగా లెక్కకట్టి రెండు ఖాతాలు తెరుస్తుంది.

మా ఇంట్లోనూ ఇదే జరిగింది. ఒక ఓడ కంపెనీలో మా నాన్నగారి పేరు రెండు రకాలుగా నమోదై, తొమ్మిది రాత్రుల ప్రయాణం లెక్కలోకి రాలేదు. బుకింగ్ సంఖ్య అడిగితే మా దగ్గర లేదు. ఆయన మాత్రం ఆ ప్రయాణంలో ఇచ్చిన గది కార్డును పారేయకుండా పంచాంగంలో పేజీ గుర్తుగా పెట్టుకున్నారు. నీలిరంగు వెలిసిపోయిన ఆ కార్డు మీద ఓడ పేరు, బయలుదేరిన తేదీ, ఆయన పేరు చక్కగా ముద్రించి ఉన్నాయి. దాన్ని ఫొటో తీసి, పాస్‌పోర్టు మొదటి పేజీతో కలిపి పంపితే ఖాతాలు కలిపేశారు. కాబట్టి మీరూ పాత కార్డులు, టికెట్ కాగితాలు, ఓడ పేరు, తేదీలు పోగుచేసి, రెండు ఖాతాలనూ ఒకటి చేయమని కంపెనీ సభ్యత్వ విభాగానికి రాయండి. ఇకముందు ప్రతి బుకింగ్‌లోనూ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందా, సభ్యత్వ సంఖ్య చేర్చారా అని ఓడ ఎక్కకముందే అబ్బాయిని సరిచూడమనండి. ఓడ దిగాక చూసుకుందామని వదిలేస్తే కొన్ని నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు. మీ ఖాతాను కూడా ఇదే పద్ధతిలో ఒకసారి చూసుకోండి. 19 పాయింట్లు సరిపడితే ప్లాటినానికి ఇంకా 11 రాత్రులే కావాలి. అయితే ప్లాటినంలో చేతికందేది ఓడలో వాడుకోవడానికిచ్చే స్నానపు కోటు లాంటి చిన్న సదుపాయాలే. దానికోసం తొందరపడనవసరం లేదు.

ప్రశ్న: మా దంపతులకు 66 పాయింట్లున్నాయి. ఈసారి ఏడు రాత్రులకు సూట్ తీసుకుంటే రెట్టింపు పాయింట్లు వచ్చి డైమండ్ అవుతామని ఏజెంటు అంటున్నారు. తీసుకోమంటారా?
(విజయవాడ)

జవాబు: లెక్క నిజమే. రాత్రికి రెండు చొప్పున ఏడు రాత్రులకు 14, 66తో కలిపితే సరిగ్గా 80. కానీ ఏజెంటు చెప్పకుండా వదిలేసిన మాట ఒకటుంది. పాయింట్లు ప్రయాణం ముగిసిన తర్వాతే జమ అవుతాయి. కాబట్టి మీరు ఖరీదైన సూట్‌లో ఉన్న ఆ వారమంతా ఎమరాల్డ్ సభ్యులుగానే ఉంటారు. డైమండ్ సదుపాయాలు మొదలయ్యేది ఆ తర్వాతి ప్రయాణంలోనే. ఆ తర్వాతి ప్రయాణం ఎప్పుడో తేలకుండా హోదా కోసం డబ్బు పెట్టడం నాకు సబబుగా తోచదు.

ఇంకో కోణంలోనూ చూడండి. సూట్ ధర మామూలు గది ధరకు రెట్టింపు దాటితే, అదే డబ్బుతో మామూలు గదిలో రెండు ప్రయాణాలు చేయవచ్చు. అప్పుడూ వచ్చేవి 14 పాయింట్లే, కానీ సముద్రం మీద ఏడు రోజులకు బదులు పద్నాలుగు రోజులుంటారు. విశాలమైన గది, బాల్కనీ మీకు నిజంగా ఇష్టమైతే, లేదా మోకాళ్ల నొప్పులవల్ల గదిలోనే ఎక్కువసేపు గడపాల్సివస్తే సూట్ తీసుకోండి, పాయింట్లు కొసరుగా వస్తాయి. కొసరు కోసం అసలు కొనడం మాత్రం వద్దు.

ప్రశ్న: నేను ఒంటరిగా ప్రయాణిస్తాను. ఒక్కదాన్నే ఉన్నా గదికి ఇద్దరి ధర తీసుకుంటున్నారు. దీనికేమైనా ప్రతిఫలం ఉందా?
(రాజమహేంద్రవరం)

జవాబు: ఉంది. రాయల్ కరీబియన్‌లో ఇద్దరి ధర పూర్తిగా చెల్లించి ఒక్కరే ఉంటే రాత్రికి అదనంగా ఒక పాయింటు ఇస్తారు. మీకు డైమండ్ అంచె 40 రాత్రులకే అందుతుంది. జమ కాకపోతే బిల్లు చూపించి అడగండి, అది మీ హక్కు.

ప్రశ్న: విశాఖపట్నం నుంచి కార్డీలియా వారి ఎంప్రెస్ ఓడలో వెళ్లాం. అది ఒకప్పుడు రాయల్ కరీబియన్ ఓడేనట కదా, ఆ రాత్రులు వారి పథకంలో కలుస్తాయా?
(గాజువాక)

జవాబు: కలవవు. మీరు విన్నది నిజమే. 1990లో నార్డిక్ ఎంప్రెస్ పేరుతో ప్రయాణాలు మొదలుపెట్టిన ఆ ఓడ తర్వాత ఎంప్రెస్ ఆఫ్ ది సీస్ అయింది. అమ్ముడుపోయాక కార్డీలియా చేతికి వచ్చి, 2022 జూన్‌లో తొలిసారి విశాఖ రేవుకు చేరింది. కానీ పాయింట్లు ఓడను బట్టి కాదు, టికెట్ అమ్మిన కంపెనీని బట్టి వస్తాయి. ఒకే యాజమాన్యం కింద ఉన్న కంపెనీల మధ్య మాత్రం కొంత సర్దుబాటు ఉంటుంది. రాయల్ కరీబియన్, సెలబ్రిటీ, సిల్వర్‌సీ ఒకే గొడుగు కిందివి కాబట్టి, 2024 నుంచి ఒకదానిలోని హోదాకు సమానమైన హోదాను మిగతా రెండింటిలోనూ ఇస్తున్నారు.

ప్రశ్న: మాది హ్యూస్టన్. పదేళ్లుగా కార్నివాల్ ఓడల్లోనే వెళ్తున్నాం. పథకం మారుతోందంటున్నారు. మేం కంపెనీ మార్చుకోవాలా?
(ఒక పాఠకుడు)

జవాబు: కార్నివాల్‌లో ఇన్నాళ్లూ రోజుకో పాయింటు చొప్పున 25కి గోల్డ్, 75కి ప్లాటినం, 200కు డైమండ్ హోదాలు ఇచ్చేవారు. రోజుల లెక్క తీసేసి ఖర్చు లెక్క పెడతామని, హోదాను రెండేళ్లకోసారి కొత్తగా సంపాదించుకోవాలని 2025లో ప్రకటించారు. తక్కువ ధర గదుల్లో ఎక్కువసార్లు వెళ్లే మీలాంటివారికే ఇది ఎక్కువ నష్టం. ఏళ్ల తరబడి నమ్మకంగా వెళ్లినవారి బాధ న్యాయమైనదే. అయినా కంపెనీ మారితే అక్కడ మళ్లీ మొదటి మెట్టు నుంచే ఎక్కాలి. ముందుగా మీ ఖాతా తెరిచి, ఇప్పుడున్న హోదా కొత్త పద్ధతిలో ఎంతకాలం నిలుస్తుందో చూడండి. మీరు సాధారణంగా పెట్టే ఖర్చుతో రెండేళ్లలో దాన్ని నిలుపుకోలేమనిపిస్తే, ఆపైన హోదాను పక్కనపెట్టి, గాల్వెస్టన్ నుంచి ఏ ఓడ ధర, తేదీలు, చూపించే రేవులు మీకు కుదురుతాయో దానిలో వెళ్లండి. ప్రిన్సెస్ అనే మరో ఓడల కంపెనీని కూడా పరిశీలించండి.  అక్కడ ఎలైట్ అనే పై అంచెకు చేరినవారికి ఓడలో బట్టలు ఉతికి ఇచ్చే పని ఉచితం, పిల్లలతో వెళ్లేవారికి అదెంత పెద్ద సాయమో మీకు తెలియనిది కాదు.