పీ0101 కోడ్ వచ్చిందని ఎయిర్ ఫ్లో సెన్సర్ వెంటనే మార్చకండి

మీరు రాసినదాన్ని బట్టి కారు 2011 మోడల్, 1.3 లీటర్ల నాలుగు సిలిండర్ల డీజిల్, లక్షా ముప్పై వేలు తిరిగింది. మూడో గేర్లో పికప్ పడిపోయింది, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు నల్ల పొగ కక్కుతోంది, ఇంజిన్ లైటు వెలిగింది. స్కానర్ పెడితే పీ0101 కోడ్ వచ్చింది, మెకానిక్ మాఫ్ సెన్సర్ (ఇంజిన్లోకి ఎంత గాలి వెళ్తోందో కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సరే) పోయింది మార్చేద్దాం అన్నాడు. డబ్బు పెట్టాలా వద్దా అని అడుగుతున్నారు. ఇప్పుడే పెట్టకండి. సెన్సర్ పోయి ఉండొచ్చు, కాదనను, కానీ ఆ కోడ్ ఒక్కటి చూసి ఆ మాట ఎవరూ చెప్పలేరు, పైగా మీరు చెప్పిన ఆ నల్ల పొగ నాకు వేరే వైపు చూపిస్తోంది.

పీ0101 అంటే సెన్సర్ పోయిందని కాదు. ఇంత గాలి లోపలికి వెళ్లిందని సెన్సర్ చెప్పిన లెక్క, ఆ స్పీడులో ఆ లోడులో ఇంత రావాలి అని ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) వేసుకున్న లెక్క, రెండూ కుదరడం లేదని అర్థం. తప్పు చెప్పేది సెన్సర్ అయినా కావచ్చు, లేదా సెన్సర్ సరిగ్గానే చెప్తుంటే ఆ తర్వాత దారిలో గాలి బయటికి పోతూ ఉండొచ్చు. పీ0102, పీ0103 వస్తే కథ వేరు, అవి సిగ్నల్ మరీ తక్కువ, మరీ ఎక్కువ అని, అక్కడ ముందు చూడాల్సింది వైరింగు, కప్లర్ (సెన్సర్‌కి వైర్లు తగిలించే ప్లగ్గు).

లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాటగానే పైపులో ఉండే ఈ సెన్సర్లో ఒక సన్నటి ఫిల్మ్ ఉంటుంది, దాన్ని కరెంటుతో వేడిగా ఉంచుతారు. గాలి తగిలితే అది చల్లబడుతుంది, మళ్లీ ఆ వేడిలో నిలబెట్టడానికి ఎంత కరెంటు పట్టిందో దాన్నిబట్టి ఎంత బరువు గాలి వెళ్లిందో లెక్క. దాని మీద దుమ్ము, నూనె కలిసి పొరలా పట్టిందనుకోండి, గాలి ఎంత వస్తున్నా ఫిల్మ్ అంతగా చల్లబడదు, అందుకని గాలి తక్కువ వస్తోందని చెప్తుంది. డీజిల్ బండిలో అప్పుడు ఈసీయూ పొగ రాకుండా డీజిల్ తగ్గించేస్తుంది. అంటే మురికి పట్టిన సెన్సర్ వల్ల బండి నీరసపడుతుంది కానీ సాధారణంగా నల్ల పొగ రాదు. నల్ల పొగ ఎప్పుడు వస్తుందంటే, సెన్సర్ దాటిన గాలి సిలిండర్ దాకా చేరనప్పుడు. టర్బోకి (గాలిని ఒత్తి లోపలికి ఊదేది), ఇంటర్‌కూలర్‌కి (ఆ గాలిని చల్లబరిచేది) మధ్య హోస్ పైపు చీలినా, క్లాంప్ వదులైనా అదే జరుగుతుంది. ఈజీఆర్ వాల్వ్ (ఇంజిన్ వదిలిన పొగలో కొంత మళ్లీ లోపలికి పంపేది) మసి పట్టి తెరుచుకుని ఉండిపోయినా మంచి గాలి తగ్గి పొగ వస్తుంది. సెన్సర్ ఎక్కువ చెప్పినా పొగ రావచ్చు, కానీ పాతబడిన సెన్సర్లు ఎక్కువగా తక్కువ వైపే తప్పుతాయి.

నాది కూడా ఆ కాలం డీజిలే, ఒంగోలు నుంచి చీమకుర్తి రోజూ తిరుగుతుంది. ఆ రోడ్డు తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, గ్రానైట్ క్వారీల లారీల వెనక వెళ్తే ముందు అద్దం తుడుచుకుంటూనే ఉండాలి. నాకూ పికప్ పోయింది, ఇదే కోడ్ వచ్చింది, కానీ పొగ చుక్క లేదు. ఒక వర్క్‌షాపులో నేరుగా కొత్త సెన్సర్‌కి ఎస్టిమేట్ రాసిచ్చారు. నాకు తెలిసిన పాత మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన స్కానర్ తియ్యలేదు, ఫిల్టర్ డబ్బా మూత తీసి, ఫిల్టర్ దాటాక ఉండే శుభ్రమైన వైపు గోడ మీద వేలితో ఒక్క గీత గీశారు. వేలికి బూడిద రంగు పొడి, ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా. ఆ వైపు దుమ్ము అన్నదే ఉండకూడదు. డబ్బా క్లిప్పుల్లో ఒకటి విరిగి ఉంది, ఆ మూల దగ్గర ఫిల్టర్ రబ్బరు అంచు నొక్కుకోలేదు, గాలి ఫిల్టర్ గుండా కాకుండా ఆ సందులోంచి వెళ్తోంది. సెన్సర్ తీసి టార్చి వేసి చూస్తే ఫిల్మ్ మీద అదే బూడిద. క్లీన్ చేసి, క్లిప్ వేసి, కొత్త ఫిల్టర్ పెట్టాక పికప్ వచ్చేసింది, సెన్సర్ ఇప్పటికీ పాతదే.

మీ కారుకి పొగ ఉంది కాబట్టి వరస ఇలా పెట్టుకోండి. ముందు టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి, అక్కణ్ణించి ఇంజిన్‌కి వెళ్లే పైపులన్నీ చేత్తో తడమండి, ఇంజిన్ చల్లారాక. చీలిక చాలావరకు పైపు అడుగున, మీ కంటికి కనపడని వైపు ఉంటుంది, నూనె చెమ్మ అంటుకుని దాని మీద దుమ్ము పేరుకుంటే అక్కడే ఉందని గుర్తు. రేస్ చేసినప్పుడు ఈల వేసినట్టు శబ్దం వస్తోందా అని వినండి. తర్వాత ఈజీఆర్ విప్పించి మసి చూడండి.

సెన్సర్ కప్లర్ పీకి నడిపి చూడమని చాలామంది చెప్తారు. పెట్రోల్ బండికి ఆ పరీక్ష కొంత పనికొస్తుంది. డీజిల్లో మాత్రం దాన్ని నమ్ముకుంటే దెబ్బతింటారు, ఎందుకంటే మాఫ్ సిగ్నల్ లేకపోతే చాలా బండ్లలో ఈసీయూ ఈజీఆర్‌ని ఆపేస్తుంది, దాంతో బండి బాగా లాగొచ్చు, మీరేమో సెన్సరే పోయిందనుకుని కొనేస్తారు. అసలు దోషి ఈజీఆర్ అయి ఉంటుంది.

సెన్సర్ చెప్తున్న అంకెలు చూడగలిగితే అన్నిటికన్నా మంచిది. ఈఎల్ఎమ్ 327 బ్లూటూత్ అడాప్టర్, ఫోన్లో ఏదైనా ఓబీడీ యాప్ (కారు కంప్యూటర్‌లోని అంకెలు చూపించేది) చాలు, కాకపోతే మన దగ్గర 2013కి ముందు బండ్లు కొన్ని ఈ మామూలు అడాప్టర్లకి పలకవు, అప్పుడు కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్న స్కానరే కావాలి. మీ ఇంజిన్లో ఒక్కో సిలిండర్ సుమారు 310 సీసీ, మన ఎండల్లో గాలి లీటరుకి 1.15 గ్రాముల దాకా తూగుతుంది. కాబట్టి ఈజీఆర్ మూసుకుని ఉండి ఐడిల్లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరుగుతున్నప్పుడు) ఒక్కో స్ట్రోక్‌కి, అంటే ఒక సిలిండర్ ఒక్కసారి గాలి పీల్చుకున్నప్పుడు, 300 నుంచి 350 మిల్లీగ్రాముల దరిదాపుల్లో చూపించాలి. ఈజీఆర్ తెరుచుకుంటే తగ్గుతుంది, అది మామూలే. ఖాళీ రోడ్డు మీద మూడో గేర్లో పూర్తిగా తొక్కితే, టర్బో అందుకున్నాక ఐడిల్ అంకెకి ఒకటిన్నర రెట్లు దాటాలి. ఐడిల్లో బాగానే ఉండి అక్కడ పెరగకపోతే, ఫిల్టర్ మూసుకుపోలేదని, టర్బో సరిగా ఊదుతోందని తేలాక మాత్రమే సెన్సర్ మీద అనుమానం. మల్టీమీటర్ ఉన్నవాళ్లకి ఇంకోటి: బాష్ వాళ్ల అనలాగ్ రకం (సిగ్నల్ వోల్టుల్లో ఇచ్చే) సెన్సర్లలో చాలావాటికి ఇంజిన్ ఆపి తాళం ఆన్‌లో పెట్టినప్పుడు సిగ్నల్ వైరులో 1 వోల్టు దగ్గర ఉండాలి. ఫ్రీక్వెన్సీ రకం వాటికి ఈ లెక్క పనికిరాదు. ఆ పనిలోనే ఎర్తు వైరు, కప్లర్ పిన్నులు చూడండి, వానాకాలం తర్వాత పచ్చగా చిలుము పడుతుంది, ఆపి ఉంచిన కార్లలో ఎలుకలు వైర్లు కొరికేస్తాయి.

క్లీనింగ్ గురించి గట్టిగా చెప్తున్నా. మాఫ్ సెన్సర్ క్లీనర్ అని రాసి ఉన్న స్ప్రే తప్ప ఇంకేదీ వాడొద్దు. కార్బ్ (కార్బురేటర్) క్లీనర్ వద్దు, పెట్రోల్ వద్దు, కంప్రెసర్ గాలి అసలే వద్దు, ఇయర్ బడ్‌తో తుడవడం కూడా వద్దు, ఆ ఫిల్మ్ అంత సున్నితం. తాళం తీసేసి, కప్లర్ పీకి, బోల్టులు విప్పి (చాలావాటికి నక్షత్రం ఆకారపు బిట్టు కావాలి), కొంచెం దూరం నుంచి స్ప్రే కొట్టి, పూర్తిగా ఆరాకే బిగించండి. సెన్సర్ మీద గాలి వెళ్లే దిక్కు చూపించే బాణం గుర్తు ఉంటే చూసుకోండి.

అన్నీ చూశాక కూడా అంకెలు తప్పుగానే ఉంటే అప్పుడు మార్చండి, నిర్భయంగా. కానీ పాతదాని మీద ఉన్న పార్ట్ నంబరు ఫోటో తీసుకుని అదే నంబరుతో అడగండి, బాష్ డీజిల్ సెన్సర్లయితే 0 281తో మొదలవుతుంది. సగం ధరకి వచ్చే డూప్లికేట్లు కప్లర్‌కి చక్కగా సరిపోతాయి, అంకెలు మాత్రం తప్పు చెప్తాయి, మళ్లీ అదే కోడ్.

పెట్రోల్ కారు ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, చిన్న పెట్రోల్ కార్లలో చాలావాటికి అసలు మాఫ్ ఉండదు, ఇన్‌టేక్‌లో ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్ ఉంటుంది, ముందు ఏది ఉందో కనుక్కోండి.

మళ్లీ రాకుండా ఉండాలంటే ఖర్చంతా ఫిల్టర్ దగ్గరే పెట్టండి. దుమ్ము రోడ్ల మీద తిరిగితే బుక్కులో రాసిన కిలోమీటర్లలో సగానికే మార్చేయండి, దులిపి, గాలి కొట్టి మళ్లీ పెట్టించకండి. కంప్రెసర్‌తో దగ్గరగా కొడితే కాగితం చిరుగుతుంది, కంటికి కనపడదు. పెట్టేటప్పుడు పక్కన నిలబడి రబ్బరు అంచు చుట్టూతా కూర్చుందో లేదో, క్లిప్పులన్నీ పడ్డాయో లేదో మీరే చూడండి, కుర్రాళ్లు తొందరలో ఒకటి వదిలేస్తారు. నూనె రాసే కాటన్ ఫిల్టర్లు ఈ వయసు కార్లకి వద్దు, నూనె కాస్త ఎక్కువైనా నేరుగా సెన్సర్ మీదికే వెళ్తుంది. వరద నీళ్లలో నుంచి వచ్చారా, ఆ రోజే డబ్బా తెరిచి ఫిల్టర్ తడిసిందేమో చూడండి.

ముందు ఆ హోస్ పైపులు చూపించి, ఐడిల్లో, మూడో గేర్లో వచ్చిన అంకెలు ఇక్కడ పెట్టండి, అవి చూశాక సెన్సర్ సంగతి తేల్చుకుందాం.