తిరుపతి పిన్ కోడ్ 517501 ప్రధాన సంఖ్యేనా? కాలిక్యులేటర్‌తోనే తేల్చడం ఎలా?

అవును, ప్రధాన సంఖ్యే. వర్గమూలం దాదాపు 719.38 కాబట్టి 719 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగిస్తే చాలు. అవి 128. చాలామంది వంద దాటగానే 'ఇక పోదులే' అని వదిలేస్తారు. ఆరంకెల సంఖ్య దగ్గర ఆ తొందర పనికిరాదు: దీనికి ఎనిమిది తక్కువైన 517493 చూడండి, 233 × 2221. అందులో 233 కంటే చిన్న ప్రధాన కారణాంకమే లేదు.

మొదట మూడేసి అంకెలుగా విడగొట్టండి. 517 − 501 = 16. పదహారు 7తో గానీ 11తో గానీ 13తో గానీ పోదు; 1001 = 7 × 11 × 13 కనుక ఆ మూడూ ఒకే దెబ్బకు తేలిపోయాయి. కూడితే 1018, అందులోంచి 999 తీస్తే 19; 999 = 27 × 37 కాబట్టి 37 కూడా కాదు. అదే చిత్తూరు 517001 అయితే ఇక్కడే దొరికిపోతుంది: 517 + 1 = 518 = 37 × 14. మొత్తంగా 37 × 89 × 157.

మిగతావి ఓపిగ్గా భాగించాల్సిందే. శేషాలు మాత్రం రాసి పెట్టుకోండి. ఎక్కడా 2 మిగలదు, అంటే రెండు తక్కువైన 517499 కూడా ప్రధాన సంఖ్యే! ఇంకో 128 భాగహారాలు చేయకుండానే కవల ప్రధాన సంఖ్యలు చేతికొచ్చాయి.

ఇక న్యూమరాలజీ వాళ్లు. అంకెలు కూడితే 19, మళ్లీ కూడితే చివరికి 1, సూర్యుడి సంఖ్య అంటారు. ఆ కూడిక చెప్పేది 9తో భాగిస్తే 1 మిగులుతుందని, అంతే. తిరుమల 517504 = 2⁷ × 13 × 311. ఏడు కొండలకు ఏడు రెళ్లు అని దానికీ మురిసిపోతారు, ఏం చెప్తాం!

నిజమైన విశేషం కావాలంటే వర్గాల్లో వెతకండి. 4తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా ఒకే ఒక్క విధంగా రాయొచ్చు. గణితవేత్త ఫెర్మా చెప్పాడు, మరో గణితవేత్త ఆయిలర్ నిరూపించాడు. 517501 అలాంటిదే: (517501 − 1) ÷ 4 = 129375. 2ను 129375వ ఘాతానికి పెంచి 517501తో భాగిస్తే, శేషం 490108; అందులోంచి 517501 తీసి రుణాత్మకంగా రాస్తే −27393. దాని వర్గానికి 1 కలిపితే సరిగ్గా 517501 × 1450. ఇప్పుడు 517501, 27393 తీసుకుని గ.సా.భా. కోసం చేసినట్టే యూక్లిడ్ పద్ధతిలో భాగించుకుంటూ పోండి. శేషాలు వరసగా 24427, 2966, 699, 170. వర్గమూలం కంటే తగ్గిన మొదటిదీ, దాని తర్వాతదీ పట్టుకోండి:

699² + 170² = 488601 + 28900 = 517501.

ఘాతం లెక్క ఒక్కసారిగా కాదు, మెట్లుమెట్లుగా చేయాలి: ప్రతి మెట్టులోనూ వర్గం చేసి శేషం తీయాలి. ఆరంకెల శేషానికి వర్గం పన్నెండు అంకెల దాకా పోతుంది. పదంకెలే చూపించే కాలిక్యులేటర్ తెరమీద అవన్నీ పట్టవు, చివరి అంకెలు పోతే అక్కడినుంచి అన్నీ తప్పులే. పన్నెండు అంకెల షాపు కాలిక్యులేటర్ వాడండి.